యోగా చేస్తున్నా కోపం తగ్గట్లేదు, ఎందుకని?

ప్రశ్న:
రెండేళ్లుగా రోజూ పొద్దున్నే 12 సూర్యనమస్కారాలు, ఆసనాలు, ప్రాణాయామం చేస్తున్నాను. నడుం నొప్పి పోయింది, నిద్ర బాగా పడుతోంది. కానీ మొన్న శవాసనం నుంచి లేచి పది నిమిషాలైనా కాలేదు, పనమ్మాయి ఆలస్యంగా వచ్చిందని, ఆమె గిన్నెలు తోముతుంటే వెనక నిలబడి గట్టిగా అరిచేశాను. నురగ కారుతున్న గిన్నె చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది పాపం. యోగాతో మనిషి మంచిగా మారతారంటారు కదా, మరి నాలో ఏం మారినట్టు?

జవాబు 1:
మీరు చేస్తున్నవి మూడో మెట్టు, నాలుగో మెట్టు అండీ. యోగసూత్రాల్లో పతంజలి చెప్పిన ఎనిమిది మెట్లలో మొదటిది యమం, అంటే అహింస, సత్యం, అస్తేయం (ఇతరులది తీసుకోకపోవడం), బ్రహ్మచర్యం, అపరిగ్రహం (అవసరానికి మించి కూడబెట్టకపోవడం). తర్వాత నియమం, అంటే మనకి మనం పెట్టుకునే క్రమశిక్షణ, ఆ తర్వాతే ఆసనం, ప్రాణాయామం. క్లాసుల్లో మాత్రం మ్యాట్ పరిచి నేరుగా మూడో మెట్టు ఎక్కిస్తారు. యోగసూత్రాల రెండో అధ్యాయం సాధనపాదంలో 34వ సూత్రం చదవండి. హింస చేయడం, చేయించడం, ఎవరో చేస్తుంటే సరేననడం, మూడూ హింసే అంటుంది. ఆ మూడోది నాకు బాగా గుచ్చుకుంది. మీటింగ్‌లో ఒకరిని అందరి ముందు చులకన చేస్తుంటే నేనూ నవ్విన రోజులున్నాయి.

జవాబు 2:
ముందు యమం పూర్తి చేసి రమ్మంటే మనలో ఎవరమూ మ్యాట్ మీదికి రాలేం. ఆసనంలోనే నేర్చుకోవచ్చని నా నమ్మకం. పశ్చిమోత్తానాసనంలో పక్కావిడ నుదురు మోకాళ్లకి ఆనించిందని నేనూ బలవంతంగా వంగితే, తొడ వెనక కండరం పట్టేసి మూడు వారాలు కుంటుతూ నడిచాను. అది నా ఒంటి మీద నేను చేసిన హింసే కదా, అందనిది అందినట్టు చూపించాలనుకోవడం అబద్ధమే కదా. ఇప్పుడు ఊపిరి ఎక్కడ బిగుసుకుంటే అక్కడే ఆగుతున్నాను. కోపం వచ్చినప్పుడూ ముందు బిగుసుకునేది ఆ ఊపిరే, ఈసారి గమనించి చూడండి.

జవాబు 3:
ఆ 34కి ముందున్న 33వ సూత్రంలోనే ఉపాయం ఉంది, ప్రతిపక్షభావన. చెడు ఆలోచన లాగుతుంటే దానికి ఎదురు ఆలోచన తెచ్చుకోమని. యమంలోని ఐదూ ఒకేసారి వద్దు, నెలకి ఒకటి పట్టుకోండి. నేను అస్తేయంతో మొదలుపెట్టాను. రైతుబజార్లో ఇరవై రూపాయలు ఎక్కువ చిల్లర ఇచ్చారని ఇంటికొచ్చాక చూసుకుని, మర్నాడు వెళ్లి ఇచ్చేశాను. ఇంతకీ ఆ అమ్మాయితో మాట్లాడారా?

ప్రశ్న అడిగినవారు:
ఇవాళ మాట్లాడాను, తప్పు నాదేనని చెప్పాను. రెండు బస్సులు మారి వస్తోందట, ఇన్నాళ్లూ నేను అడగనే లేదు. రేపటి నుంచి ఏడింటికి కాదు, ఏడున్నరకి రమ్మన్నాను.