సమస్యాపూరణం: చీమ ముందర నేనుగు చిన్నదయ్యె

నిర్వహణ: ఈ వారం సమస్య తేటగీతి పాదం, పైన ఇచ్చాను. ఒక షరతు. చీమ కుట్టిందనో, దూరాన్నుంచి ఏనుగు చిన్నగా కనబడిందనో తప్పించుకోవద్దు. శబ్దానికీ పరిమాణానికీ ఉన్న చుట్టరికం మీదే పూరించాలి. 1929లో భాషావేత్త ఎడ్వర్డ్ సపీర్ 'మిల్', 'మల్' అని అర్థం లేని రెండు మాటలు చెప్పి, ఇవి రెండు బల్లల పేర్లు, ఏది పెద్దది అని అడిగితే చాలామంది 'మల్' అన్నారు. 'ఇ'కి నాలుక పైకి లేచి నోట్లో ఖాళీ తగ్గుతుంది, 'ఆ'కి దవడ కిందికి జారుతుంది. చిటికెడు, బారెడు అని పలికి చూడండి. 2011లో వచ్చిన ఒక పరిశోధనలో నాలుగు నెలల పసివాళ్ల చూపు కూడా ఇలాగే 'ఇ' వింటే చిన్నదానివైపు, 'ఆ' వింటే పెద్దదానివైపు మొగ్గింది.

గోదారిగట్టు:
అద్ద మెదుటను నామము లన్న వేళ
నోరు 'మ'కు విచ్చె, 'నుగు'లకు నొక్కుకొనియె
తెరపి యొక్కటె కొలతగా నెంచుకొన్న
చీమ ముందర నేనుగు చిన్నదయ్యె.

నిర్వహణ: నేనూ అద్దం ముందు పలికి చూశాను, నిజమే! 'గు' దగ్గర పెదవులు సున్నా చుట్టి ముందుకొచ్చాయి. 'చీ' దగ్గర మాత్రం నోరు ఇరుకే, మీరు చివరి అక్షరాన్ని పట్టుకున్నారు. అది పూరణ చమత్కారం, ఒప్పుకుంటాను. మూడో పాదంలో యతి తప్పింది, 'తె'కి 'నెం' పొసగదు. 'కొలతగా దీసికొన్న' అంటే సరి.

వేపనీడ:
కరికి 'మిల్'లని, చీమకు గాగ 'మల్ల'
నుచును బేరిడి యొకసారి నుడివినంత
కంటి కొలతను మరచిన కర్ణమునకు
చీమ ముందర నేనుగు చిన్నదయ్యె.

నిర్వహణ: మూడో పాదం కోసం పద్యాన్ని నాలుగుసార్లు చదువుకున్నాను. 'గాగ' మాత్రం గణం నింపడానికి వచ్చిన మాట. 'చీమకు ఘనపు మల్ల' అనండి, యతీ నిలుస్తుంది, అర్థమూ బరువెక్కుతుంది.

మల్లెపందిరి: ఒక సందేహం. ఏనుగుది ఘీంకారం కదా, అందులో ఉన్నది ఈకారమే. మరి ఈ చుట్టరికం ఎక్కడ నిలిచింది?

నిర్వహణ: మంచి ప్రశ్న. తొండమెత్తి చేసే ఘీంకారం పైస్థాయిది. కానీ ఏనుగులు దూరాన ఉన్న తమవాళ్లను గొంతులోంచి పిలుచుకునే శబ్దం 20 హెర్ట్‌జ్‌ల కన్నా దిగువకు పోతుంది, మన చెవికి అందదు. పెద్ద ఒంటికి బొంగురు, చిన్న ఒంటికి కీచు అని విని విని మెదడు జోడించుకుంటుందన్నది ఒక వాదం. పలికే నోటి తీరే దారి చూపుతుందన్నది ఇంకొకటి. వేపనీడ గారి పద్యం మొదటి దారిది, గోదారిగట్టు గారిది రెండోది.

గోదారిగట్టు: సవరణకు నమస్కారం, పాదం మార్చుకున్నాను. ఘీంకారం మీద ఇంకోటి మొదలుపెట్టాను: 'తొండ మెత్తిన ఘీంకృతి తోచె సన్న'. రెండో పాదం కుదరలేదు, రేపు పెడతాను.