ఎన్‌క్లోజర్ అంటే ‘కంచె’ అనొచ్చా?

ప్రశ్న: ఇంగ్లండు రాజు ఎనిమిదో హెన్రీ దగ్గర మంత్రిగా చేసిన కార్డినల్ వుల్సీ గురించి పిల్లలకి పాఠం రాస్తున్నానండీ. 1517లో ఆయన ఎన్‌క్లోజర్ల మీద విచారణ వేయించాడు కదా, దానికి ‘కంచెల విచారణ’ అని రాస్తే సరిపోతుందా? నిఘంటువులో ‘ఆవరణ’ అని ఉంది.

జవాబు: ‘ఆవరణ’ మాత్రం వద్దండీ, బడి ఆవరణ, గుడి ఆవరణ గుర్తొస్తాయి. ‘కంచె’ నయమే గానీ ఒక్కమాటగా వదిలేస్తే విషయం సగమే తెలుస్తుంది. ఎందుకంటే ఉన్నికి మంచి గిరాకీ ఉన్న ఆ రోజుల్లో భూస్వాములు చేసింది కంచె కట్టడం ఒక్కటే కాదు, దున్నే నేలని గొర్రెల మేతకి వదిలి, అక్కడి రైతుల ఇళ్ళు పడగొట్టించారు. వుల్సీ పంపిన అధికారులు ఊళ్ళకెళ్ళి స్థానికుల చేత ప్రమాణం చేయించి అడిగింది కూడా అదే: 1488 నుంచి ఇక్కడ ఎన్ని ఇళ్ళు కూలాయి, ఎంత సేద్యం ఆగింది, ఎవరు చేశారు?

ఆ నివేదికల్లో వార్విక్‌షైర్‌లోని స్ట్రెటన్ బాస్కర్‌విల్ అనే ఊరి సంగతి చదివితే మనసు కలుక్కుమంటుంది. హెన్రీ స్మిత్ అనే ఆసామి 640 ఎకరాలు కంచెలోకి లాక్కుని 12 ఇళ్ళు, 4 గుడిసెలు పాడుబెడితే, 80 మంది ఏడుస్తూ ఊరు వదిలారని రాశారు. చర్చి శిథిలమై పశువుల కొట్టం అయిపోయిందట. ఇంకో సంగతి, నష్టాన్ని ఎకరాల్లోనే కాకుండా నాగళ్ళలో కూడా లెక్క కట్టేవాళ్ళు, ‘ఇక్కడ ఒక నాగలి పడిపోయింది’ అని. మన కోస్తాలో రెండరకల సేద్యం, నాలుగరకల సేద్యం అంటాం చూడండి, అచ్చం ఆ లెక్కే. అందుకే నేనైతే మొదటిసారి ‘కంచె వేసి అరక ఆపించడం’ అని విప్పి రాసి, తర్వాత నుంచి ‘కంచెలు’ అని వాడతాను.

ఇంకొకరు: మా తెలంగాణలో ‘కంచ’ అంటే పశువుల మేత భూమి కదండీ, కంచ గచ్చిబౌలి అన్నట్టు. మా పిల్లలు వుల్సీ మేత భూముల్ని విచారించాడనుకుంటారు.

జవాబు: చాలా మంచి మాట చెప్పారు, నాకు తట్టలేదు. అయితే పాఠంలో ‘కంచె’కి ఎత్వం జాగ్రత్తగా ఉంచి, పక్కన ‘ముళ్ళకంచె’ అని ఒకసారి రాస్తే చాలు.

మరొకరు: శీర్షికగా ‘కంచే చేను మేసింది’ పెట్టొచ్చుగా?

జవాబు: గొర్రెల కోసమైతే అతకదండీ, ఆ సామెత కాపలాదారే దోచుకోవడం గురించి. కానీ అంతకుముందు 1489లో వచ్చిన చట్టానికి భేషుగ్గా సరిపోతుంది. ఇల్లు పాడుబెట్టినవాడి రాబడిలో సగం పట్టుకునే హక్కుని ఆ చట్టం చాలాచోట్ల పైభూస్వామికే ఇచ్చింది, ఆయనకీ గొర్రెలుంటే ఇంక ఎవరు పట్టుకుంటారు? వుల్సీ ఆ పనిని రాజుగారి చాన్సరీ కోర్టుకి తెచ్చి, పెద్ద పెద్దవాళ్ళని సైతం పిలిపించి, ఇళ్ళు తిరిగి కట్టండి, నేల మళ్ళీ దున్నించండి అన్నాడు. 1523లో పన్ను కోసం పార్లమెంటు ముందుకెళ్ళాల్సొచ్చి వెనక్కి తగ్గాడు, అది వేరే సంగతి. సామెతని 1489 పేరాకి శీర్షికగా పెట్టండి.