శిబిరంలో శిక్షకులను అనుకరించి నవ్వించడం క్రమశిక్షణకు భంగమా?

హొరమావు నుంచి ఒక తండ్రి:

బెంగళూరు తెలుగు మిత్రులకు నమస్కారం. మా అబ్బాయి డిగ్రీ రెండో సంవత్సరం చదువుతూ కళాశాల ఎన్‌సీసీ (నేషనల్ క్యాడెట్ కోర్)లో ఉన్నాడు. ఈ వేసవిలో నగర శివార్లలో జరిగిన వార్షిక శిక్షణ శిబిరానికి వెళ్ళివచ్చిన నాటి నుంచి ఆ కబుర్లతో ఇంటిల్లిపాదినీ నవ్విస్తున్నాడు. గిన్నెలో పప్పు ఎక్కడుందో కనిపెట్టడానికి ముందుగా రెక్కీ పార్టీని (దారి చూసివచ్చే దళాన్ని) పంపాలని భోజనాల వరుసలో ఒకడు ప్రతిపాదించాడట. ‘దాహినే ముడ్’ (కుడికి తిరుగు) అనగానే ఎడమకు తిరిగిన ఇంకొకడు, పక్కవాడి ముక్కుకు ముక్కు ఆనించి, మళ్ళీ ఆజ్ఞ వచ్చేదాకా కదలకూడదు కనుక అలాగే నిలబడిపోయాడట.

చివరి రాత్రి వినోద కార్యక్రమంలో పిల్లలు తమ డ్రిల్ శిక్షకుడి నడకనూ, కేకనూ, మీసం సవరించుకునే తీరునూ అనుకరించారు. చూస్తున్న అధికారి ఒకరికి అది నచ్చక, వచ్చే ఏడాది నుంచి అనుకరణలు ఉండవని ప్రకటించారు. తల్లిదండ్రుల వాట్సాప్ బృందంలో కొందరు ఆ నిర్ణయాన్ని మెచ్చుకున్నారు, కొందరు తప్పుపట్టారు. అనుభవం ఉన్నవారు చెప్పండి: ఆ నిషేధం సరైనదేనా?

జాలహళ్ళి మాస్టారు:

సరైనదేనని నా అభిప్రాయం. వార్షిక శిబిరం సాధారణంగా పది రోజులే ఉంటుంది. అందులో సగం కాలం పిల్లలను వేళకు నిద్ర లేపడానికీ, వరుసలో నిలబెట్టడానికీ సరిపోతుంది. డ్రిల్ ఆజ్ఞలో మొదటి భాగం హెచ్చరిక, రెండో భాగం అమలు. ఆ రెండింటి మధ్య ఉండే క్షణకాలపు నిశ్శబ్దంలో పదుల మంది ఒక్క మనిషిలా సిద్ధం కావాలి. ఎవరి గొంతు వినగానే శరీరం కదలాలో, ఆ గొంతునే వేదిక మీద హాస్యానికి వాడుకున్న పిల్లవాడు మర్నాడు అదే గొంతుకు అంతే గౌరవం ఇస్తాడని నేను నమ్మలేను.

ఆ శిక్షకులు ఎవరో కూడా తల్లిదండ్రులు గుర్తుంచుకోవాలి. వారు సైన్యం నుంచి ఎన్‌సీసీకి వచ్చినవారు, సరిహద్దులలో కాపలా కాసి వచ్చిన హవల్దార్లు, సుబేదార్లు. పై అధికారుల సమక్షంలో తమను తామే వేళాకోళంగా చూడవలసి రావడం వారికి ఎంత ఇబ్బందిగా ఉంటుందో ఆలోచించండి. కళాశాలలలో అధ్యాపకులను అనుకరించే నాటికలను ఏళ్ళ తరబడి చూశాను. అవి బోధించే తీరుతో మొదలై, మెల్లగా మనిషి ఎత్తు, రంగు, ఇంటి సంగతుల దాకా వెళ్ళడం నాకు తెలుసు.

ఉల్సూరు విశ్రాంత హవల్దారు:

మాస్టారు గారికి నమస్కారం. నేను సైన్యంలోని మద్రాస్ ఇంజనీర్ గ్రూప్ అనే దళంలో పనిచేసి, రిక్రూట్లకు డ్రిల్ నేర్పి పదవీ విరమణ పొందిన చిత్తూరు జిల్లా వాణ్ణి. ఈ చర్చలో అనుకరణకు గురయ్యే పక్షం మాదే కనుక మా మాట కూడా వినండి.

నవ్వుకు చోటు లేని స్థలం శిబిరంలో తప్పకుండా ఉంది. అది ఫైరింగ్ రేంజి. నేల మీద బోర్లా పడుకుని .22 రైఫిలు పట్టుకున్న పిల్లవాణ్ణి పక్కవాడు నవ్విస్తే, వాడి తల తిరుగుతుంది, తలతో భుజం, భుజంతో గొట్టం తిరుగుతాయి. అక్కడ గుసగుసలాడిన వాణ్ణి వెంటనే రేంజి బయటికి పంపించేవాణ్ణి, ఇప్పుడైనా పంపిస్తాను. డ్రిల్ మైదానం సంగతి వేరు. అక్కడ నవ్వు రాకుండా ఉండదు. కుడి చెయ్యీ కుడి కాలూ కలిపి లేపుతూ నడిచే వాడు ప్రతి స్క్వాడ్‌లోనూ ఒకడుంటాడు. వచ్చిన నవ్వును పెదవి దాటనీయకుండా ఆపుకోవడమే అక్కడ నేర్చుకోవలసిన విద్య. ‘దాంత్ బంద్’ (పళ్ళు మూయి) అని మేము అరిచేది అందుకే. అలా అరిచిన తర్వాత మొహం అటు తిప్పుకుని మేమూ నవ్వుకునేవాళ్ళం.

ఇక ‘లైన్ తోడ్’ (వరుస విడిచి వెళ్ళండి) అన్నాక, భోజనాల వరుసలోనో, బూట్లకు పాలిష్ పట్టే వేళలోనో పుట్టే హాస్యం గురించి మాస్టారు గారు ఏమీ చెప్పలేదు. ఇల్లు వదిలి ఎన్నడూ ఉండని పిల్లలకు మొదటి రెండు మూడు రాత్రులు చాలా భారంగా గడుస్తాయి. జ్వరమని అబద్ధం చెప్పి ఇంటికి పంపించమని బతిమాలే పిల్లవాణ్ణి నిలబెట్టేది శిక్షకుడి ఉపన్యాసం కాదు, పక్క మంచం మీది వాడు వేసే ఒక్క చలోక్తి. అందరికీ కాళ్ళు బొబ్బలెక్కాయి, అందరూ అదే పప్పు తిన్నారు, కాబట్టి ఆ మాటకు అందరూ కలిసి నవ్వుతారు. స్క్వాడ్‌లో అలా నవ్వించగలవాడు ఎవడో మొదటి రోజే కనిపెట్టి, దిగులుగా ఉన్నవాడి పక్కన వాడికి మంచం ఇప్పించడం మంచి శిక్షకుడు చేసే పని.

అనుకరణ విషయంలో నేను గమనించింది మరొకటి ఉంది. నా కేకను నాకంటే బాగా పెట్టిన రిక్రూటు ఆ కేక కడుపులోంచి ఎలా వస్తుందో, హెచ్చరికకూ అమలుకూ మధ్య ఎంతసేపు ఆగాలో శ్రద్ధగా గమనించినవాడే అయివుంటాడు. స్క్వాడ్‌ను నడిపించమని పిలిచినప్పుడు తడబడకుండా ఆజ్ఞ ఇచ్చినవాళ్ళు ఎక్కువగా ఆ అనుకరించే పిల్లలే. 1780 నాటి మా దళంలో సైనికుణ్ణి ‘తంబి’ అని ఆప్యాయంగా పిలుస్తారు. ఆ ఆప్యాయత వల్ల ఏ ఆజ్ఞా బలహీనపడటం నేను చూడలేదు. బడాఖానా అనే సామూహిక విందులో అధికారులూ జవాన్లూ ఒకే చోట తిని, జవాన్ల పాటలూ నాటికలూ చూసి నవ్విన మర్నాటి పొద్దున పరేడ్ ఎప్పటిలాగే జరిగేది.

హద్దు మాత్రం కచ్చితంగా ఉండాలి. ఈల ఎవరి చేతిలో ఉందో వాళ్ళ మీద నవ్వవచ్చు, ఎందుకంటే వారికి బదులు చెప్పే శక్తి ఉంది. వరుసలో తడబడే వాడి మీద, నత్తి ఉన్నవాడి మీద వేదికెక్కి నవ్వకూడదు. 1950 నాటి సైన్య చట్టం 47వ సెక్షన్ కూడా కింది వాణ్ణి హింసించిన పైవాణ్ణే శిక్షిస్తుంది.

జాలహళ్ళి మాస్టారు:

హవల్దారు గారూ, అదే చట్టం 40వ సెక్షన్ పై అధికారితో అవిధేయంగా మాట్లాడటాన్ని కూడా నేరంగానే చూస్తుంది. ఆ చట్టం క్యాడెట్లకు వర్తించదు, నిజమే, కానీ సైన్యం ఏ విలువను కోరుతుందో అది చెబుతోంది. భోజనాల వరుసలోని హాస్యానికి నాకు అభ్యంతరం లేదు, మీ మాటతో ఏకీభవిస్తున్నాను. వేదిక మీద అనుకరణకు మాత్రం ఆ శిక్షకుడి అనుమతి ముందుగా ఉండాలి, నాటికను ఒక అధికారి ముందుగా చూడాలి.

సీనియర్ వింగ్ (కళాశాల అమ్మాయిల విభాగం) క్యాడెట్, బనశంకరి:

పెద్దలిద్దరికీ నమస్కారం. మీరిద్దరూ వేదిక గురించే మాట్లాడుతున్నారు. మమ్మల్ని బాధపెట్టేది వేదిక మీద జరిగేది కాదు, దీపాలు ఆర్పిన తర్వాత జరిగేది. మా గదిలో ఒక అమ్మాయి హిందీ ఉచ్చారణను పట్టుకుని, పడుకునే ముందు ప్రతి రాత్రి ఆమె చేత అవే మాటలు పలికించి నవ్వేవారు. ఆమె కూడా నవ్వేది, నవ్వక ఏం చేస్తుంది? రంగును బట్టి, ఊరును బట్టి పేర్లు పెట్టడం కూడా జరిగింది. అదంతా సరదాయేనని సీనియర్లు చెప్పారు.

ఎవరూ ఫిర్యాదు చేయలేదు, దానికి కారణం ఉంది. ఎన్‌సీసీ ఇచ్చే ‘బీ’, ‘సీ’ సర్టిఫికెట్లకు శిబిరం తప్పనిసరి. ‘సీ’ సర్టిఫికెట్ మంచి గ్రేడుతో ఉంటే, రాత పరీక్ష లేకుండా ఎన్‌సీసీ ప్రత్యేక ప్రవేశం ద్వారా సైన్యాధికారులను ఎంపిక చేసే ఎస్ఎస్‌బీ ఇంటర్వ్యూకు వెళ్ళి, ఎంపికైతే చెన్నై అధికారుల శిక్షణ అకాడమీలో చేరవచ్చు. అంత విలువైన అవకాశానికి గొడవ అడ్డు వస్తుందేమోనని అమ్మాయిలు నోరు మూసుకుంటారు. అందరి ముందు, దీపాల వెలుగులో, అధికారులు కూర్చుని చూస్తుండగా జరిగే ఒక్క హాస్యాన్ని నిషేధించి, ఎవరూ చూడని హాస్యాన్ని అలాగే వదిలేస్తే మాకు ఒరిగేదేమిటి? మా శిక్షకురాలిని అనుకరించినప్పుడు అందరికంటే ఎక్కువగా నవ్వింది ఆవిడే. ఆ రాత్రి వేదిక మీద ఆవిడ కేకను అంత చక్కగా పెట్టింది కూడా ఆ ఉచ్చారణ అమ్మాయే.

ఉల్సూరు విశ్రాంత హవల్దారు:

అమ్మా, నువ్వు చెప్పింది అసలు విషయం. రాత్రి గస్తీ అంటే గేటు దగ్గర నిలబడటం మాత్రమే కాదు, గదుల మధ్య నడవాలి. మా రిక్రూట్ల బ్యారక్‌లో దీపాలు ఆర్పాక ఒక ఎన్‌సీఓ (హవల్దారు స్థాయి వాడు) తప్పకుండా తిరిగేవాడు. అక్కడ వినిపించే నవ్వు అందరిదో, ఒకడి మీదనో తలుపు బయట నుంచే తెలిసిపోతుంది. మాస్టారు గారు అడిగిన ముందస్తు అనుమతికి నేను ఒప్పుకుంటాను. నాటికను అధికారి ముందుగా చూడటానికి మాత్రం ఒప్పుకోను, ఎందుకంటే అలా చూశాక మిగిలేది అధికారిని పొగిడే నాటికే.

హొరమావు నుంచి ఒక తండ్రి:

అందరికీ కృతజ్ఞతలు. కళాశాల ఎన్‌సీసీ అధికారికి ఈ వారం ఉత్తరం రాస్తున్నాను. శిక్షకుడి అంగీకారంతో అనుకరణను కొనసాగించాలనీ, దీపాలు ఆర్పిన తర్వాత అబ్బాయిల గదుల వద్ద ఒక శిక్షకుడు, అమ్మాయిల గదుల వద్ద ఒక శిక్షకురాలు విధిగా తిరగాలనీ, ఫిర్యాదు చేసిన క్యాడెట్ పేరు సర్టిఫికెట్ పరీక్షకులకు చేరకూడదనీ అందులో అడుగుతాను. నాటికను ముందుగా చూడాలా వద్దా అన్నది తేలలేదు కనుక దాన్ని ఉత్తరంలో చేర్చడం లేదు. సంతకం చేయదలచిన తల్లిదండ్రులు ఆదివారం లోపు ఇక్కడే తెలియజేయండి.