ప్లేగు మహమ్మారి ఇటలీ కళను, సాహిత్యాన్ని ఎంతవరకు మార్చింది?

కందుకూరు విద్యార్థి: 1347లో సిసిలీ చేరిన ప్లేగు పునరుజ్జీవన కాలపు కళనూ సాహిత్యాన్నీ నిజంగానే మార్చిందా, లేక అది చరిత్రకారుల అతిశయోక్తా? పెద్దలు వివరించగలరు.

నెల్లూరు అధ్యాపకుడు: సాహిత్యం మటుకు నిస్సందేహంగా మారిందండీ. 1348లో ఫ్లోరెన్స్‌ను ప్లేగు కబళించిన తరువాత బొకాచియో రాసిన ‘డెకామెరాన్’లో, ఊరు విడిచిపోయిన ఏడుగురు యువతులు, ముగ్గురు యువకులు వంద కథలు చెప్పుకొంటారు. ఆరంభంలోనే ఆయన చంకల్లో, గజ్జల్లో కోడిగుడ్డంత లేచే గడ్డలను, రోగిని వదిలి పారిపోయే అయినవారిని ఏ మొహమాటమూ లేకుండా వర్ణించాడు. నా దృష్టిలో ఆ కథల కన్నా ఈ వర్ణనే గొప్పది.

కావలి పాఠకురాలు: చిత్రకళ సంగతీ చెప్పుకోవాలి. మశూచి కాలంలో మన పల్లెలవారు పోలేరమ్మకు మొక్కుకొన్నట్లే, అక్కడివారు ప్లేగు నుంచి కాపాడతాడని నమ్మి సెయింట్ రాక్ అనే క్రైస్తవ సాధువును వేడుకొనేవారు. చిత్రాల్లో ఆయన వస్త్రం పక్కకు తొలగించి తొడ మీది గడ్డను చూపుతుంటాడు.

ఒంగోలు సభ్యుడు: అంతా ప్లేగుకే అంటగట్టడం సరికాదండీ. చిత్రకళను కొత్త దారి పట్టించిన జొట్టో 1337లోనే, అంటే ప్లేగుకు పదేళ్ల ముందే, మరణించాడు. అయితే ఇటలీలోని సియెనా నగరంలో కెథెడ్రల్ (ప్రధాన చర్చి) విస్తరణ 1348లో ఆగిపోయిన మాట వాస్తవం. ఆ అసంపూర్ణపు గోడ నేటికీ నిలిచే ఉంది.