దక్షులెవ్వారలు... ఆ తర్వాత?

పద్యప్రియ: ఒక పాదం రెండ్రోజులుగా వదలడం లేదు. తిక్కన భారతం, కృష్ణరాయబారంలో ధర్మం, సత్యం చెడిపోతుంటే ఆపగలిగీ ఊరుకున్నవాళ్ళకే చేటు అనే పద్యం ఉంది కదా, అందులో "దక్షు లెవ్వార లుపేక్ష సేసిరి". తర్వాత "వారల చేటగు"నా, "వారికి చేటగు"నా? కోర్టుల్లో ఏఐ మీద వ్యాసానికి కావాలి. అమెరికాలో నిందితుడు మళ్ళీ నేరం చేస్తాడేమోనని మార్కులు వేసే కంపాస్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది కదా, దాని సూత్రం కంపెనీ రహస్యం. అయినా 2016లో లూమిస్ కేసులో విస్కాన్సిన్ సుప్రీంకోర్టు, దానిమీదే ఆధారపడొద్దని హెచ్చరించి వాడుకోనిచ్చింది.

ఉత్పలమాల: గణాలకు రెండూ సరిపోతాయి. నాకు నోటికి వచ్చింది "వారల". అసలు చూడాల్సింది "దక్షులు". సంస్కృత మూలంలో ఆ మాటే లేదు: "హన్యతే ప్రేక్షమాణానాం హతాస్తత్ర సభాసదః", అంటే చూస్తుండగా ధర్మం, సత్యం హతమైతే అక్కడి సభాసదులూ హతులే. వ్యాసుడు చూస్తూ కూర్చున్న సభనంతా పట్టుకున్నాడు. తిక్కన ఆపగలిగినవాళ్ళనే నిలదీశాడు. సూత్రం చూసే వీలే లేని జడ్జి దక్షుడెలా అవుతాడండీ?

ప్రాచీనుడు: ఆ శ్లోకం మనుస్మృతి ఎనిమిదో అధ్యాయంలోనూ ఉంది, అదీ వ్యవహార నిర్ణయం, అంటే వ్యాజ్యాల తీర్పు, గురించే. ఇంకోటి గమనించారా? ప్రేక్ష, ఉపేక్ష రెండింట్లోనూ ఉన్నది "ఈక్ష"యే. తిక్కన ధాతువు ఉంచి ఉపసర్గ మార్చాడు. చూడటం కాస్తా చూసీ వదిలేయడం అయింది. మంత్రిగా కొలువులో ఉన్నవాడికే తట్టే మార్పు అది!

పద్యప్రియ: అయితే జడ్జి దక్షుడే. మార్కును పక్కన పెట్టే అధికారం ఆయనకుంది.

ఉత్పలమాల: అధికారం వేరు, దక్షత వేరు. ఎందుకు పక్కన పెట్టాలో తెలియాలిగా.

లెక్కలవాడు: తెలిసే దారి ఉంది. ఫ్లోరిడాలో ఒక కౌంటీలో కంపాస్ మార్కుల రికార్డులు తీసి ప్రోపబ్లికా అనే వార్తాసంస్థ 2016లో చూపించింది. మళ్ళీ నేరం చేయని నల్లజాతివాళ్ళలో 44.9 శాతం మందికి ప్రమాదకరులని ముద్ర పడింది, తెల్లవాళ్ళలో 23.5 శాతానికే. కంపెనీ జవాబు: ఒకే మార్కు వచ్చినవాళ్ళు ఏ జాతైనా దాదాపు ఒకే స్థాయిలో మళ్ళీ పట్టుబడుతున్నారు. రెండు గుంపుల్లో పట్టుబడే రేటు వేరైనప్పుడు తప్పు ముద్రల్లో సమానత్వం, ఒకే మార్కుకు ఒకే అర్థం ఉండే సమానత్వం, ఈ రెండూ ఒకేసారి కుదరవు. పైగా అది అరెస్టుల లెక్క, నేరాల లెక్క కాదు. పద్యం మొదట్లో "సారపు ధర్మమున్ విమల సత్యము పాపముచేత బొంకుచే" అని ఉంది కదా, ఇక్కడ "బొంకు" ఎవరూ ఆడలేదు, అయినా "విమల సత్యము" లేదు. నా మట్టుకు ఆ పద్యంలో ప్రాణం "విమల"లో ఉంది.

ప్రాచీనుడు: "విమల" లేకపోయినా అర్థం నడుస్తుంది. "దక్షులు" తీసేస్తే పద్యమే లేదు.

ఉత్పలమాల: చివర్లో "దైవముండెడిన్" అంటారా, "ఉండెడున్" అంటారా? మా గురువుగారు "ఎడిన్" అనే చదివేవారు.