షూటింగ్‌లో అయిన పరిచయాలు ఎలా నిలబెట్టుకోవాలి?

అందరికీ నమస్కారం. మాది ఒడిశాలోని రాయగడ. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. గత నెల కొరాపుట్ జిల్లా దేవమాలి కొండ మీద ఒక తెలుగు సినిమా షూటింగ్ జరిగింది. రెండు భాషలూ వచ్చని నన్ను 11 రోజులు పనిలో పెట్టుకున్నారు. ఊరివాళ్లు చెప్పేది యూనిట్‌కి, యూనిట్ చెప్పేది ఊరివాళ్లకి చెప్పడం, టిఫిన్ల లెక్క చూడడం నా పని.

ఎంత మంచి మనుషులు దొరికారో! మా వైపు కోట్‌పాడ్‌లో నేసే చీర ఎరుపు రంగు ఆల్ చెట్టు వేరు నుంచి వస్తుందని చెబితే, కాస్ట్యూమ్స్ చూసే అమ్మ అంచు తడిమి చూసి నోట్‌బుక్‌లో రాసుకుంది.

అన్నిటికన్నా సౌండ్ రికార్డిస్ట్ గారిని మర్చిపోలేను. షాట్ అయ్యాక అందరినీ అర నిమిషం కదలొద్దన్నారు. ఆ చోటి నిశ్శబ్దాన్ని కూడా రికార్డ్ చేయాలట, ఎడిటింగ్‌లో మాటల మధ్య ఖాళీలు నింపడానికి. తన హెడ్‌ఫోన్స్ నా చెవులకి పెట్టారు. గాలి, గడ్డి, ఎక్కడో దూరంగా ఆవు మెడలో గంట. పుట్టి పెరిగిన ప్రాంతమే, కానీ అలా ఎప్పుడూ వినలేదు.

నంబర్ ఇచ్చి "ఫోన్ చెయ్యి తమ్ముడూ" అన్నారు. మూడు వారాలైంది, చేయలేకపోతున్నా. ఛాన్స్ కోసం వెంటపడుతున్నాననుకుంటారేమో అని టెన్షన్. నాకు నిజంగా ఆ పని నేర్చుకోవాలని ఉంది. డిగ్రీ అయింది, పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో సౌండ్ కోర్సు ఉందని తెలుసు.

సినిమా యూనిట్లలో పనిచేసినవాళ్లు చెప్పండి: ముందు మెసేజ్ పెట్టాలా, నేరుగా ఫోన్ చేయాలా? మొదటిసారే నేర్చుకుంటానని అడగొచ్చా?