88 కిలోల మనిషికి 115 లీటర్ల బోర్డు చాలుతుందా?

నీటిమీదరాత:
నా బరువు 88 కిలోలు. ఒక సీజనంతా 200 లీటర్ల శిక్షణ బోర్డు మీద విండ్‌సర్ఫింగ్ నేర్చుకున్నాను. నడుముకి కట్టే పట్టీ, హార్నెస్, తగిలించుకుని తిన్నగా వెళ్ళగలను, మలుపులు పర్లేదు. వాటర్ స్టార్ట్, అంటే నీళ్ళలో ఉండగానే సెయిల్‌కి గాలి పట్టించి దాంతో బోర్డు మీదికి లేవడం, పదిసార్లలో మూడుసార్లు కుదురుతుంది. మిగతా ఏడుసార్లు బోర్డెక్కి తాడుతో సెయిల్ లాక్కోవడమే. నేను వెళ్ళేచోట గాలి మామూలుగా 10 నుంచి 15 నాట్లు, ఎప్పుడైనా 18. పాతవి రెండు సెట్లు దొరుకుతున్నాయి. 115 లీటర్ల బోర్డుతో 5.7 చదరపు మీటర్ల సెయిల్, లేదా 150 లీటర్లతో 7.5. అమ్మేవాళ్ళు ఎవరిది వాళ్ళే బంగారం అంటున్నారు. ఏది తీసుకోమంటారు?

ఉప్పుగాలి:
150. ఆలోచించే పనే లేదు. మీరు 88, తడిసిన సూటూ హార్నెస్సూ కలిపి 4, బోర్డు 8, సెయిల్, దాని నిలువు కర్ర మాస్ట్, చేత్తో పట్టుకునే అడ్డకర్ర బూమ్ అన్నీ కలిపి 9 అనుకోండి. మొత్తం 109. 115 లీటర్ల బోర్డు తేల్చగలిగేది 115 కిలోలు. ఇక మిగిలింది 6. ఆ ఆరు కిలోల మీద నిలబడి సెయిల్ లాగాలి. ముందుకి వంగితే ముక్కు మునుగుతుంది, వెనక్కి వాలితే తోక మునుగుతుంది. ఏడుసార్లు అలా లాగేసరికి మీ నడుము సంగతి మీకే తెలుస్తుంది.

నురగరేఖ:
115 తీసుకోండి. 150 కొంటే ఏడాది తిరక్కుండా అమ్మకానికి పెడతారు. లీటర్ల గొడవంతా బోర్డు ఆగి ఉన్నప్పుడే. ప్లేనింగ్ అందుకున్నాక, అంటే వేగానికి బోర్డు నీళ్ళ పైకి లేచి జారడం మొదలయ్యాక, మిమ్మల్ని మోసేది బోర్డు అడుగున తన్నే నీళ్ళు, అది ఎన్ని లీటర్లదన్నది కాదు. నేను 84 కిలోలు, 95 లీటర్ల మీద హాయిగా తిరుగుతున్నాను. అన్నట్టు పై లెక్క తప్పు. అది మంచినీళ్ళది. సముద్రపు నీళ్ళు రెండున్నర శాతం చిక్కన, కాబట్టి 115 బోర్డు దాదాపు 118 కిలోలు తేలుస్తుంది.

ఉప్పుగాలి:
మూడు కిలోలు. ఒక్క తడి సూటుకి సరిపోతుంది.

నురగరేఖ:
మిగిలేది 6 అన్నారు, అసలు 9. ఒకటిన్నర రెట్లు. లెక్క చెప్పినప్పుడు సరిగ్గా చెప్పాలి కదండీ.

ఉప్పుగాలి:
అడిగినాయన సముద్రంలో తిరుగుతానని ఎక్కడ చెప్పారు?

నీటిమీదరాత:
సరస్సండీ.

నురగరేఖ:
సరే. అయినా సూత్రం సూత్రమే.

ఒడ్డునే_ఉన్నా:
కుర్చీ వేసుకున్నాను. కానివ్వండి.

యాభైఆరు:
నా బరువే నా పేరు కాబట్టి నన్నూ మాట్లాడనివ్వండి. లీటర్ల దగ్గరే చతికిలబడ్డారు, సెయిల్ సంగతి ఒక్కరూ ఎత్తలేదు. ఒక మోటు లెక్కుంది. బరువుని 1.34తో గుణించి, గాలి నాట్లతో భాగిస్తే ప్లేనింగ్‌కి కావాల్సిన సెయిల్ చదరపు మీటర్లలో వస్తుంది. 88 కిలోలకి 15 నాట్లలో 7.9. అదే మనిషికి 5.7 పనికిరావాలంటే గాలి 20 నాట్లు దాటాలి. ఈయన దగ్గర ఎప్పుడైనా వచ్చేది 18. ఇంక 115 బోర్డు తేలితే ఎంత, మునిగితే ఎంత? ఆ సెయిల్‌తో అది ప్లేనింగ్ ఎక్కదు.

నాకు జరిగింది దీనికి తలకిందులు. మొదటి ఏడాది నాకు 6.5 సెయిల్ అంటగట్టారు, గట్టి మాస్ట్‌తో. చార్టులో 15 నాట్లకి అంతే ఉందన్నారు. ఆ చార్టు 75 కిలోల మనిషిది, 56కి రావాల్సింది 5. నీళ్ళు నిండిన సెయిల్‌ని తాడుతో లాగుతుంటే అది లేవదు, నేనే దాని వైపు జారిపోయేదాన్ని. లేచాక చిన్న గాలి విసురుకే బూమ్ నన్ను ఎత్తి అవతల పారేసేది. నా బరువుకి ఆ మాస్ట్ వంగదు, పైభాగం తెరుచుకోదు, గాలి జారిపోదు. ‘చేతుల్లో బలం లేదు, జిమ్‌కి వెళ్ళమ్మా’ అన్నారు. వెళ్ళాను కూడా!

నురగరేఖ:
ఆ సూత్రంలో మనిషి నైపుణ్యం ఎక్కడుంది? పంపింగ్, అంటే సెయిల్‌ని పదేపదే లాగి ఊపడం, వస్తే 5.7తో 15 నాట్లలోనే లేపొచ్చు. మరి 18 వచ్చిన రోజు 7.5తో ఈయనేం చేస్తారు? గాలి 12 నుంచి 17కి పెరిగితే సెయిల్ మీద ఒత్తిడి రెట్టింపవుతుంది. నిజం చెప్పాలంటే, బరువున్నవాళ్ళు టెక్నిక్ నేర్చుకోవడానికి బద్ధకించి సెయిల్ పెంచుకుంటూ పోతారు.

ఉప్పుగాలి:
ఇదిగో, ఈ మాట కోసమే చూస్తున్నా. నేను 92 కిలోలు. పదేళ్ళుగా ప్రతి బక్క మనిషీ నాకు టెక్నిక్ పాఠం చెప్పేవాడే. టెక్నిక్‌లో పండిపోయిన ఒలింపిక్ మగవాళ్ళు 2008 నుంచి 2020 క్రీడల దాకా ఆర్‌ఎస్‌ఎక్స్ అనే పోటీ బోర్డు మీద 9.5 సెయిల్ వాడారు. వాళ్ళూ బద్ధకస్తులేనా? నీలాంటి ఒకాయన మాట వినే నేను 100 లీటర్ల బోర్డు కొన్నాను. రెండోవారమే గాలి 16 నుంచి 6కి పడిపోయింది, ఒడ్డు కిలోమీటరు దూరం. వాటర్ స్టార్ట్‌కి గాలి లేదు. పైకెక్కితే బోర్డు మోకాళ్ళ లోతున మునిగిపోయింది. పదకొండుసార్లు లాగాను, పదకొండుసార్లూ పడ్డాను. చివరికి సెయిల్ విప్పి చుట్టి, బోర్డు మీద బోర్లా పడుకుని చేతులతో ఈదుకుంటూ వచ్చాను. రెండు గంటలు పట్టింది. అప్పుడు ప్లేనింగ్‌లో తన్నే నీళ్ళు నన్ను మోయలేదేం మరి? నువ్వు చెప్పు.

నురగరేఖ:
మొదట ‘నువ్వు’ అనడం మానండి. గాలి తగ్గుతుందని చూసుకోకుండా వెళ్ళడం బోర్డు తప్పా?

నిర్వాహకుడు:
ఏకవచనం వద్దు. ఇద్దరికీ చెబుతున్నాను.

నురగరేఖ:
సరే, నా గోడూ వినండి. నేను మూడేళ్ళు 165 లీటర్ల బల్లకట్టు మీద తిరిగాను, ఇలాంటి జాగ్రత్తలు చెప్పేవాళ్ళ మాట విని. అటూ ఇటూ నిదానంగా పోవడం తప్ప ఏమీ నేర్చుకోలేదు. వాటర్ స్టార్ట్ అవసరమే పడలేదు, కాబట్టి రాలేదు. 95 కొన్న తర్వాత నెల రోజుల్లో వచ్చింది, వేరే దారి లేదు గనక. ఇప్పుడు 18 నాట్లు లేని రోజు నేను నీళ్ళలోకే దిగను.

యాభైఆరు:
అదీ సంగతి! మీరు 18 లేకపోతే ఇంట్లో ఉంటారు. ఉప్పుగాలి గారు 8 ఉన్నా దిగుతారు. ఇంతసేపూ లీటర్ల పేరు పెట్టి కొట్టుకున్నది దీని కోసం. నీటిమీదరాత గారూ, గాలి 11 నాట్లే ఉన్న రోజు మీరేం చేస్తారు? ఒడ్డున కూర్చుంటారా, దిగుతారా?

నీటిమీదరాత:
నాకు దొరికేది వారానికి ఒక్క రోజు. ఎంత గాలుంటే అంతలో దిగాల్సిందే. తేలుతూ అటూ ఇటూ తిరిగినా సంతోషమే.

నురగరేఖ:
ఇది మొదటి పోస్టులోనే రాసుంటే ఇంత రాద్ధాంతం ఉండేది కాదు. అయితే 150. కానీ లాగుడు తాడుకి అలవాటు పడిపోకండి. గాలున్న రోజు నడుము లోతు నీళ్ళలో వాటర్ స్టార్ట్ మాత్రమే చెయ్యండి. 18 వస్తే డౌన్‌హాల్, అంటే సెయిల్‌ని మాస్ట్ అడుగుకి లాగి కట్టే తాడు, ఇంకో రెండు సెంటీమీటర్లు బిగించండి, పైభాగం వదులై గాలి జారిపోతుంది. బోర్డు అడుగున ఉండే రెక్క, ఫిన్, ఎంతది?

నీటిమీదరాత:
46 సెంటీమీటర్లు. ఇంకో సందేహం. ఆయన 7.5తో ఇస్తానంటున్న మాస్ట్ 430 సెంటీమీటర్లది. సెయిల్ మీద 460 మాస్ట్ అని రాసుంది, లఫ్, అంటే మాస్ట్ వైపు అంచు, 476. మాస్ట్ అడుగున పొడవాటి అతుకు గొట్టం, ఎక్స్‌టెన్షన్, పెడితే అందుతుంది, ఏమీ కాదంటున్నారు.

ఉప్పుగాలి:
వద్దు. పొడవు అందుతుంది గానీ మాస్ట్ వంపు సెయిల్‌తో కలవదు.

నురగరేఖ:
వద్దు. అడుగున 46 సెంటీమీటర్ల ఎక్స్‌టెన్షన్ మీద మీ 88 కిలోలు వేలాడతాయి. ఆ 460 ఎక్కడ పెట్టారో అడగండి, ముందు.

ఒడ్డునే_ఉన్నా:
ఇద్దరూ ఒకే మాట అన్నారు. కుర్చీ మడిచేస్తున్నా.